గేటు దాకా రుజువు: పర్యావరణ న్యాయం ఎక్కడ ఆగిపోతోంది?

2014 ఏప్రిల్ 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లింట్ అనే ఊరికి తాగునీళ్ళు వచ్చే చోటు మారింది. అప్పటిదాకా డెట్రాయిట్ వ్యవస్థ ద్వారా హ్యూరాన్ సరస్సు నీళ్ళు వచ్చేవి. ఖర్చు తగ్గుతుందని ఫ్లింట్ నది నీళ్ళను కుళాయిల్లోకి వదిలారు. ఆ నీళ్ళకు లోహాన్ని కొరికే గుణం ఎక్కువ. పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగడం మొదలైంది.

కొద్ది వారాల్లోనే జనం ఫిర్యాదు చేశారు. రంగు మారిన నీళ్ళను సీసాల్లో పట్టుకుని మీటింగులకు వెళ్ళి, అధికారుల ముందు పెట్టారు. ఒంటి మీద దద్దుర్లు చూపించారు. నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు అధికారులు. అదే ఊళ్ళో జనరల్ మోటార్స్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది. 2014 అక్టోబరులో ఆ కంపెనీ, ఈ నీళ్ళతో మా ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయి, మాకొద్దు అంది. దానికి వేరే లైను నుంచి సరస్సు నీళ్ళు తీసుకునే ఏర్పాటు జరిగిపోయింది. ఊరి జనానికి ఆ నీళ్ళు తిరిగి వచ్చింది 2015 అక్టోబరులో. మధ్యలో ఏడాది. అదీ ఒక పిల్లల డాక్టరు చిన్నపిల్లల రక్తంలో సీసం పెరుగుతోందని లెక్కలతో సహా బయటపెట్టి, బయటి నుంచి వచ్చిన యూనివర్సిటీ బృందం ఇంటింటి నీళ్ళు పరీక్షించి చూపించాక.

ఫ్లింట్ గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది అధికారుల నిర్లక్ష్యం దగ్గర ఆగిపోతారు. నిర్లక్ష్యం ఉందనడంలో సందేహం లేదు. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ ఇంజిన్. ఇంజిన్ భాగం తుప్పు పడితే ఆ తుప్పే రుజువు. పిల్లాడి ఒళ్ళు పాడైతే అది నీళ్ళ వల్లే పాడైందని, ఆ నీళ్ళలో ఫలానా లోహం వల్లేనని, ఆ లోహం మీ ఇంటి కుళాయిది కాక ఊరి పైపుదేనని ఆ పిల్లాడి తల్లే నిరూపించుకోవాలి. పర్యావరణ న్యాయానికి అడ్డంకులేమిటని అడిగితే పేదరికం, జాతి, కులం, కంపెనీల డబ్బు, చేవలేని నియంత్రణ సంస్థలు అని చాలా చెప్పొచ్చు. అన్నీ నిజమే. అయితే ఇవన్నీ చివరికి ఒక దారిలోనే పనిచేస్తాయని నా అభిప్రాయం. రుజువు చేసే బరువును దెబ్బతిన్నవాళ్ళ నెత్తి మీద పెట్టడమే ఆ దారి. ఆ బరువును అక్కడి నుంచి దించడం రాజకీయం చేయాల్సిన పని, కోర్టులకు వదిలేస్తే అయ్యేది కాదు.

ఉద్దేశం చూపించమన్న కోర్టు

నదిని కాపాడాలి అన్నది పర్యావరణ రక్షణ. ఆ నది మురికి ఎవరి గొంతులోకి పోతోంది, ఆ నిర్ణయం జరిగిన గదిలో వాళ్ళ తరఫు మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అడిగితే అది పర్యావరణ న్యాయం. ఈ మాట 1982 తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో రోడ్ల పక్కన దొంగతనంగా పారబోసిన విషపు నూనెతో కలిసిన మట్టిని ఎక్కడో ఒకచోట పూడ్చాలి. ప్రభుత్వం వారెన్ కౌంటీని ఎంచుకుంది. పేద కౌంటీ, నల్లజాతి వాళ్ళు ఎక్కువ. జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. మట్టిని అక్కడే పూడ్చారు. ఆ మట్టిని విషరహితం చేసే పని పూర్తయ్యేసరికి 2003 వచ్చింది. వారెన్ గొడవ తర్వాత, 1983లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇలాంటి పెద్ద వ్యర్థాల స్థలాలు నాలుగు చూస్తే, మూడు నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉన్న చోట్లే తేలాయి.

ఇంతకన్నా ముందే, 1979లో, హ్యూస్టన్‌లో ఒక కేసు నడిచింది. దీని గురించి తక్కువమందికి తెలుసు, కానీ మన ప్రశ్నకు ఇదే దగ్గర. నల్లజాతి మధ్యతరగతి కాలనీ పక్కన, హైస్కూలుకు దగ్గర్లో, డంపింగ్ యార్డుకు అనుమతిచ్చారు. కాలనీ తరఫు లాయరు తన భర్త రాబర్ట్ బుల్లార్డ్‌ను లెక్కలు తీయమంది. ఆయన సామాజిక శాస్త్రవేత్త. ఊళ్ళో నల్లజాతి జనం నాలుగో వంతు. నగరపాలక సంస్థ నడిపిన డంపింగ్ యార్డులు అయిదుకు అయిదూ, చెత్త కాల్చే కేంద్రాలు ఎనిమిదింటిలో ఆరూ నల్లజాతి పేటల్లోనే ఉన్నాయని ఆయన తేల్చాడు. న్యాయమూర్తి విన్నారు. హైస్కూలు పక్కన, అందులోనూ ఏసీ లేని హైస్కూలు పక్కన, చెత్త పోయడం అర్థం లేని పని అని తీర్పులోనే రాశారు. తానైతే అనుమతి ఇచ్చేదాన్ని కాదేమో అని కూడా అన్నారు. అయినా పని ఆపమని ఉత్తర్వు ఇవ్వలేదు. జాతిని చూసే ఈ నిర్ణయం తీసుకున్నారనే *ఉద్దేశం* రుజువు కాలేదు గనక.

అయిదుకు అయిదు ఒకే జాతి పేటల్లో ఉన్నా కోర్టుకు చాలలేదంటే, ఇంకేం కావాలి? అధికారి తన ఫైల్లో 'వీళ్ళు ఫలానా జాతి కాబట్టి ఇక్కడ పోస్తున్నాను' అని రాసిపెట్టాలి. ఎవరూ రాయరు. భూమి చవక, రోడ్డు ఉంది, అభ్యంతరాలు తక్కువ అని రాస్తారు. భూమి ఎందుకు చవకైంది, అభ్యంతరాలు ఎందుకు తక్కువొచ్చాయి అన్నది ఆ ఫైల్లో ఉండదు. 2001లో అమెరికా సుప్రీంకోర్టు ఈ తలుపును ఇంకా బిగించింది. పౌరహక్కుల చట్టం కింద, ఫలితంలో వివక్ష ఉందని చూపించి మామూలు మనుషులు కేసు వేయడానికి లేదు, ఉద్దేశం చూపించాలి అంది. 1994లో అధ్యక్షుడు క్లింటన్, ప్రభుత్వ శాఖలన్నీ పర్యావరణ న్యాయాన్ని పట్టించుకోవాలని ఒక ఉత్తర్వు ఇచ్చాడు. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని ఒక సంతకంతో తీసేశాడు. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోయింది. చట్టసభలో పుట్టిన హక్కుకూ, పైవాళ్ళు దయతో ఇచ్చిన ఉత్తర్వుకూ తేడా ఇదే.

గ్లాసు నీళ్ళు, నాలుగు వందల నంబరు పిల్లి

రుజువు బరువు మనుషుల్ని ఏం చేస్తుందో చూడాలంటే జపాన్‌లోని మినమాతకు వెళ్ళాలి. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ తన వ్యర్థజలాలను సముద్రంలోకి వదిలేది. వాటిలో పాదరసం. చేపల్లోకి, చేపలు తినే పిల్లుల్లోకి, ఆ తర్వాత మత్స్యకారుల కుటుంబాల్లోకి చేరింది. పిల్లులు పిచ్చెక్కినట్టు తిరిగి చచ్చేవి. 1956 మే 1న ఇది అంతుచిక్కని జబ్బు అని అధికారికంగా నమోదైంది. 1959లో కుమమోతో యూనివర్సిటీ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమన్నారు.

అదే ఏడాది కంపెనీ ఆసుపత్రి డాక్టరు హజిమే హొసొకావా ఒక పిల్లికి ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పెట్టి చూశాడు. ప్రయోగాల్లో దాని నంబరు 400. దానికి అచ్చం అవే లక్షణాలు వచ్చాయి. ఆయన యాజమాన్యానికి చెప్పాడు. వాళ్ళు ఆ ప్రయోగాలు ఆపించి విషయం బయటకు రానివ్వలేదు. రెండు నెలల తర్వాత, డిసెంబరులో, కంపెనీ కొత్త నీటిశుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. అందరి ముందూ అధ్యక్షుడు గ్లాసుడు నీళ్ళు తాగి చూపించాడు. పాదరసం ఉన్న వ్యర్థజలం అసలు ఆ యంత్రం గుండా పోనేలేదన్న సంగతి తర్వాత తేలింది.

అదే నెలలో బాధితులతో ఒప్పందం. దాని పేరు నష్టపరిహారం కాదు, 'పరామర్శ సొమ్ము'. ముందు ముందు ఈ జబ్బుకు ఫ్యాక్టరీయే కారణమని తేలినా ఇంకేమీ అడగబోమని అందులో ఒక షరతు ఉంది. ఆ వాక్యం రాసిన చెయ్యి ఎవరిదో గానీ, నిజం తెలిసిన చెయ్యి. కారణం తామే అని తేలే అవకాశం లేదనుకున్నవాడు అలాంటి షరతు పెట్టడు. వేట లేక, జబ్బుతో, ఊళ్ళోవాళ్ళు దూరం పెడుతుంటే, బాధితులు సంతకాలు పెట్టారు. ఫ్యాక్టరీయే కారణమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. అంటే జబ్బు నమోదైన పన్నెండేళ్ళకు. అప్పటికి నాలుగు నెలల ముందే చిస్సో ఆ పాత పద్ధతి ఉత్పత్తి ఆపేసింది. యంత్రం అవసరం తీరాక నిజం ఒప్పుకున్నారు. హొసొకావా 1970లో ఆసుపత్రి మంచం మీదినుంచి కోర్టుకు సాక్ష్యం చెప్పి, ఆ ఏడాదే చనిపోయాడు. 1973లో కోర్టు ఆ పరామర్శ సొమ్ము ఒప్పందం చెల్లదంది.

ఈ పన్నెండేళ్ళ ఆలస్యానికి ఇంకో ఊరు కూడా మూల్యం చెల్లించింది. అదే పద్ధతి వాడుతున్న షోవా డెంకో అనే మరో కంపెనీ వల్ల నీగాత ప్రాంతంలో, అగానో నది ఒడ్డున, 1965లో అదే జబ్బు బయటపడింది. మా పాదరసం కాదు, భూకంపంలో కొట్టుకొచ్చిన పురుగుమందులది అని కంపెనీ వాదన. 1971లో ఇచ్చిన తీర్పులో కోర్టు చెప్పిన మాట నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. బాధితులు విషం దారిని వెనక్కి వెతుక్కుంటూ ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి చూపిస్తే చాలు. గేటు లోపల ఏం జరిగిందో వాళ్ళు చూపించక్కర్లేదు. అది మా దగ్గరి నుంచి రాలేదని కంపెనీయే నిరూపించుకోవాలి.

ఎందుకిలా అంటే, గేటు లోపల ఏ డ్రమ్ములో ఏముందో, ఏ రాత్రి ఏ కవాటం తిప్పారో తెలిసినవాడు కంపెనీవాడు. తెలిసినవాడిని వదిలేసి తెలియనివాడిని రుజువు చెయ్యమనడం న్యాయమెలా అవుతుంది?

జపాన్ చట్టసభ ఇంకో అడుగు వేసింది. 1970లో ఒకే సమావేశంలో పద్నాలుగు కాలుష్య చట్టాలు చేసింది. 1973లో ఆరోగ్య నష్టపరిహార చట్టం తెచ్చింది. గాలి బాగా పాడైన ప్రాంతాలను గుర్తించి, అక్కడ నిర్ణీత కాలం నివసించినవాళ్ళకు ఆస్తమా, దీర్ఘకాలిక బ్రాంకైటిస్ లాంటివి వస్తే అది కాలుష్యం వల్లే అని ముందే అనుకుని పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. నీ ఊపిరితిత్తుల్లోకి పోయినది ఏ పొగగొట్టం పొగ అని ఎవరినీ అడగలేదు. డబ్బులో 80 శాతం గంధకం పొగ వదిలే ఫ్యాక్టరీల నుంచి, వాళ్ళు వదిలే పొగ కొలతను బట్టి. మిగతా 20 శాతం వాహనాల పన్ను నుంచి. పొగ తగ్గిస్తే కట్టేది తగ్గుతుంది కాబట్టి కంపెనీల లెక్కలు కూడా మారాయి. ఇది కోర్టు ఇచ్చింది కాదు, రోడ్డెక్కిన జనానికి భయపడి ఎన్నికైన సభ చేసింది.

సగటులో మాయమయ్యే అరగంట

రుజువు బరువు నెత్తిన పెట్టడం ఒక ఎత్తు. ఆ రుజువు దొరకకుండా చేయడం ఇంకో ఎత్తు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక ఊరి గాలిలో మామూలుగా ఒక విషం 20 పాళ్ళు ఉంటుందనుకుందాం. రాత్రి రెండింటికి ఫ్యాక్టరీ అరగంటసేపు వదిలితే అది 500కు పెరుగుతుంది. పక్క కాలనీలో పిల్లలు దగ్గుతూ లేస్తారు. ఇరవై నాలుగు గంటల సగటు తీస్తే ఎంతొస్తుంది? సరిగ్గా 30. పరిమితి 60 అయితే రిపోర్టులో అంతా సవ్యం. ఎవరూ అబద్ధం రాయలేదు. సగటు తీశారు, అంతే. గాలి కొలిచే యంత్రం ఎక్కడ పెట్టారు, గాలి ఎటు వీచేటప్పుడు పెట్టారు, ఎన్ని రోజులు నడిపారు అన్నవన్నీ ఇలాంటివే. పది ఫ్యాక్టరీలు ఉన్నచోట పదకొండో దానికి అనుమతి ఇచ్చేటప్పుడు, పదకొండో దాని పొగ ఒక్కటే చూసి తక్కువే అనడం కూడా ఇలాంటిదే. పీల్చేవాడి ముక్కులోకి పదకొండూ కలిసే పోతాయి కదా.

ఇక ఆ కొలతలు తీసేదెవరు? భారతదేశంలో 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను కన్సల్టెంటు తయారుచేస్తాడు. ఆ కన్సల్టెంటును పెట్టుకునేదీ డబ్బిచ్చేదీ ప్రాజెక్టు కంపెనీయే. పేపరు దిద్దే మాస్టారికి పరీక్ష రాసేవాడు జీతమిచ్చినట్టు. ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు. వందల పేజీల నివేదికలో స్థానిక భాషలో దొరికేది సారాంశమే. టెంటు, మైకు, బందోబస్తు, వేదిక మీద అధికారులు. రైతు లేచి బోరులో నీళ్ళు వాసనొస్తున్నాయంటాడు. మినిట్స్‌లో రాసుకుంటారు. రాసుకోవడమే ఆ సమావేశం పని. అక్కడ అందరూ వద్దన్నా ప్రాజెక్టు ఆగాలన్న నియమం లేదు. కోర్టులు మాత్రం మంచి మాటలే చెప్పాయి. 1996లో వెల్లూరు తోళ్ళ పరిశ్రమల కేసులో, 1999లో హైదరాబాద్ జంట జలాశయాల దగ్గరి ఫ్యాక్టరీ కేసులో, హాని లేదని రుజువు చేయాల్సింది పరిశ్రమే అని సుప్రీంకోర్టు అంది. సూత్రం ఉంది. దాన్ని ప్రతి అనుమతి ఫైల్లోకి దించే యంత్రాంగం లేదు.

రుజువు తామే సంపాదించుకుందామని పూనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1990ల్లో కాలిఫోర్నియాలో ఒక చవకైన పరికరం పుట్టింది. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, దాని లోపల ఒక ప్రత్యేకమైన సంచి, మూతకు కవాటం, గాలి లాగడానికి చిన్న పంపు. వాసన రాగానే కవాటం తిప్పితే ఆ నిమిషం గాలి సంచిలోకి వస్తుంది. సంచిని ల్యాబుకు పంపొచ్చు. సగటులో మాయమయ్యే ఆ అరగంట సంచిలో దొరికిపోతుంది. లూసియానాలోని నార్కోలో, షెల్ చమురు కంపెనీ ప్లాంటును ఆనుకుని ఉన్న డైమండ్ అనే నాలుగు వీధుల నల్లజాతి కాలనీ వాళ్ళు ఈ బకెట్లతోనే పోరాడారు. చివరికి 2002లో ఆ నాలుగు వీధుల ఇళ్ళనూ కొనడానికి కంపెనీ ఒప్పుకుంది. తమిళనాడులోని కడలూరులో రసాయన ఫ్యాక్టరీల పక్క గ్రామాలవాళ్ళూ ఇవే బకెట్లు పట్టారు.

మరి 2024లో అదే లూసియానా ఏం చేసిందో చూడండి. జనం సొంతంగా కొలిచిన గాలి లెక్కలతో ఎవరైనా ఉల్లంఘన జరిగిందని ఆరోపించాలంటే, ప్రభుత్వం ఆమోదించిన ఖరీదైన పరికరాలు, పద్ధతులే వాడి ఉండాలని చట్టం చేసింది. తప్పితే భారీ జరిమానాలు. రుజువు తెమ్మన్నవాళ్ళే, తెస్తే జరిమానా అంటున్నారు. కచ్చితమైన పరికరాలు ఉండాలనడంలో తప్పు లేదు. అయితే ఆ పరికరాలు కొని ఆ వీధుల్లో పెట్టాల్సింది ఎవరన్న ప్రశ్నను చట్టం ముట్టుకోలేదు.

దేశం దాటితే

భోపాల్ గురించి ఎంత రాసినా తక్కువే, ఇక్కడ రెండు సంగతులే చెబుతాను. 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాసు లీకైనప్పుడు ఆసుపత్రుల్లో డాక్టర్లకు తాము ఏ విషానికి వైద్యం చేస్తున్నారో సరిగా తెలియదు. భోపాల్ భయంతో 1986లో అమెరికా తన ప్రజలకోసం ఒక చట్టం చేసుకుంది. ఏ ఫ్యాక్టరీ ఏ విషాన్ని ఎంత నిల్వ ఉంచింది, ఎంత వదిలింది అన్నది జనానికి చెప్పి తీరాలి. భోపాల్ చావులతో వచ్చిన తెలుసుకునే హక్కు ముందు అమెరికా వాళ్ళకు దక్కింది. రెండోది, మాతృసంస్థ అమెరికాలో ఉన్నా కేసును అక్కడ విననని 1986లో న్యూయార్క్ కోర్టు పంపేసింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ. బాధితులు అయిదు లక్షలకు పైనే అని ఆ తర్వాత తేలింది. ఆ సొమ్ము చాలదన్న పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మాతృసంస్థ ఒక దేశంలో, అనుబంధ సంస్థ ఇంకో దేశంలో ఉంటే లాభం సరిహద్దు దాటి వెళ్ళిపోతుంది, బాధ్యత మాత్రం దాటదు. ఈ గోడకు ఇప్పుడిప్పుడే బీటలు పడుతున్నాయి. జాంబియా గ్రామస్తులు వేదాంత గనుల కంపెనీ మీద వేసిన కేసును 2019లో, నైజీరియా జనం షెల్ మీద వేసిన కేసును 2021లో లండన్ కోర్టులో వినొచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు అంది. గమనించండి, గెలిచినట్టు కాదు. వినడానికి ఒప్పుకున్నట్టు. అంతదాకా రావడానికే ఏళ్ళు పట్టింది. 2008లో నైజీరియా రైతులు నెదర్లాండ్స్‌లో వేసిన కేసుకు 2021లో తీర్పు వచ్చేసరికి, కేసు వేసినవాళ్ళలో కొందరు బతికి లేరు.

వాతావరణ మార్పు దగ్గరికొస్తే ఇదే బరువు ఇంకా పెద్దదవుతుంది. పెరూలో కొండ పాదాన ఉన్న హువారస్ ఊరి రైతు ఒకరు, హిమానీనదం కరిగి పైన సరస్సు పొంగుతోందని, ప్రపంచ ఉద్గారాల్లో 0.47 శాతం వాటా ఉన్న జర్మన్ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ తన వాటా ఖర్చు భరించాలని 2015లో కేసు వేశాడు. పదేళ్ళ తర్వాత, 2025 మేలో, కోర్టు కేసు కొట్టేసింది. వచ్చే ముప్పై ఏళ్ళలో ఆ రైతు ఇంటికి వరద తగిలే అవకాశం 1 శాతమే అన్నది కారణం. అయితే ఇలాంటి కంపెనీలను సూత్రప్రాయంగా బాధ్యుల్ని చేయొచ్చని అదే తీర్పులో ఉంది. గేటు దాకా నడిచి వచ్చాడనుకోవచ్చు. గేటు ఖండం అవతల ఉంది.

వద్దు అంటే ఆగాలి

ఫ్లింట్‌లో ఇంకో ముక్క మిగిలింది. ఆ ఊరిని అప్పుడు నడుపుతున్నది ఎన్నికైన మేయరు కాదు, అప్పుల్లో ఉన్న ఊళ్ళకు గవర్నరు నియమించే ఎమర్జెన్సీ మేనేజరు. 2015 మార్చిలో నగర కౌన్సిల్ 7-1 ఓట్లతో డెట్రాయిట్ నీళ్ళకు తిరిగి పోదామంది. మేనేజరు అర్థంలేని మాట అని తోసిపుచ్చాడు. ఓటు ఉంది, ఓటుకు చేతులు లేవు. మేనేజర్లకు అధికారమిచ్చే చట్టాన్ని 2012 నవంబరులో మిషిగన్ ఓటర్లు రెఫరెండంలో తిరస్కరించారు. కొన్ని వారాల్లోనే సభ దాదాపు అలాంటిదే ఇంకో చట్టం చేసింది.

దీనికి పక్కన ఒడిశాలోని నియమగిరిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బాక్సైట్ తవ్వకం తమ దేవుడి కొండ మీద జరగాలో వద్దో డోంగ్రియా కోంధు గిరిజనుల గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఇక్కడ రహస్యమేమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు చట్టబద్ధమైన స్థానం ఇచ్చింది కాబట్టి వాళ్ళ 'వద్దు'కు బరువొచ్చింది. పన్నెండు ఊళ్ళనే ఎందుకు ఎంచుకున్నారు, మిగతావాటి మాటేమిటి అన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా కొండ ఎందుకు పవిత్రమో శాస్త్రీయంగా నిరూపించమని ఆ సభల్లో ఎవరూ అడగలేదు.

అయితే ఒక దేశం మొత్తం వద్దన్నా ఆగని చోటు ఒకటుంది. ఎల్ సాల్వడార్ నీళ్ళు పాడవుతాయని బంగారు గనికి అనుమతి ఇవ్వకపోతే, ఆ కంపెనీ 2009లో అంతర్జాతీయ పెట్టుబడి ట్రిబ్యునల్‌లో కేసు వేసింది. ఏడేళ్ళ తర్వాత, 2016లో దేశమే గెలిచింది. ఖర్చుల కింద దేశానికి 80 లక్షల డాలర్లు ఇవ్వమని కంపెనీకి ఆదేశం వచ్చింది. గెలవడానికి పెట్టిన ఖర్చు అంతకన్నా ఎక్కువ. 2017లో ఆ దేశం లోహపు గనులన్నీ నిషేధించి ప్రపంచంలో మొదటిదైంది. 2024 డిసెంబరులో, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది.

ఏం మారాలి

మొదటిది ఇప్పటికే అర్థమై ఉంటుంది. ప్రమాదకర పరిశ్రమలున్న చోట, ఆ పరిశ్రమతో సంబంధమున్న జబ్బు వస్తే కారణం అదేనని చట్టం ముందే అనుకోవాలి. కాదని చూపించే అవకాశం కంపెనీకి ఎప్పుడూ ఉంటుంది. ఇది అన్యాయం కాదా, తప్పు చెయ్యని కంపెనీ కూడా కట్టాల్సొస్తుంది కదా అని అడుగుతారు. కొన్నిసార్లు రావచ్చు. కానీ ఇప్పుడున్న పద్ధతిలోనూ తప్పు పడుతూనే ఉంది, ప్రతిసారీ ఒకే వైపు పడుతోంది. పొరపాటు ఖర్చును బీమా, పన్ను, పూచీ సొమ్ము రూపంలో పంచుకోగల కంపెనీ ఒకవైపు, కిడ్నీతో పంచుకోవాల్సిన కుటుంబం ఇంకోవైపు. ఎటు పడితే తక్కువ నష్టమో చెప్పడం కష్టం కాదు.

నివేదిక రాసేవాడి జీతం కంపెనీ చేతి నుంచి తప్పించడం పెద్ద ఖర్చు లేని పని. ఫీజు ప్రభుత్వ నిధిలో జమ అవుతుంది, కన్సల్టెంటును వేరే సంస్థ ఎంపిక చేస్తుంది, అంతే. ఇది జరగకపోవడానికి సాంకేతిక కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు. మొత్తం పొగను కలిపి లెక్కించడం అసాధ్యమనేవాళ్ళకు న్యూజెర్సీ రాష్ట్రం ఉంది. 2020లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, ఇప్పటికే కాలుష్యం మోస్తున్న పేద, మైనారిటీ, ఇంగ్లీషు అంతగా రాని పేటల మీద కొత్త ఫ్యాక్టరీ బరువు అదనంగా పడుతుందని తేలితే అనుమతి నిరాకరించాల్సిందే. 'నిరాకరించవచ్చు' అని ఉన్న చట్టాలు చాలా ఉన్నాయి. 'నిరాకరించాలి' అన్న ఒక్క మాట కోసం అక్కడి సంఘాలు పదేళ్ళకు పైగా తిరిగాయి.

ఇవేవీ అడిగేవాళ్ళు బతికుంటేనే. భూమినీ పర్యావరణాన్నీ కాపాడుకునే క్రమంలో 2023 ఒక్క ఏడాదిలో 196 మందిని చంపేశారని గ్లోబల్ విట్‌నెస్ సంస్థ లెక్క. హోండురస్‌లో ఆనకట్టకు ఎదురు నిలిచిన బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఇంట్లోనే కాల్చి చంపారు. లాటిన్ అమెరికా దేశాల ఎస్కాసూ ఒప్పందం, 2021లో అమల్లోకి వచ్చింది, ఇలాంటివాళ్ళను కాపాడటం ప్రభుత్వాల బాధ్యత అని రాసుకున్న మొదటి ఒప్పందం.

ఉద్యోగాల మాట తీయకుండా ఇది ముగించడం నిజాయితీ కాదు. ఫ్యాక్టరీ గేటు బయట దగ్గేవాడూ, లోపల జీతం తీసుకునేవాడూ చాలాసార్లు ఒకే ఇంటివాళ్ళు. మినమాతలో ఊరంతా చిస్సో మీద బతికేది, అందుకే బాధితుల్ని ఊరే వేరుచేసింది. పని పోతే ఏమిటన్న ప్రశ్నకు జవాబు లేని పర్యావరణ రాజకీయం ఆ ఊళ్ళో ఒక్క ఓటు తెచ్చుకోలేదు. ఇంకో చిక్కు, ఒకరు వద్దన్నది ఇంకొకరి గుమ్మంలో తేలుతుంది. 2025 జనవరిలో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణ నుంచి 337 టన్నుల వ్యర్థాలను నలభై ఏళ్ళ తర్వాత లారీల్లో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కు తరలిస్తే, భోపాల్ ఊపిరి పీల్చుకుంది. పీథంపూర్ జనం రోడ్డెక్కారు. వాటిని ఇక్కడ కాల్చడం క్షేమమేనా అని వాళ్ళు అడిగారు. తప్పేముంది?

చివరగా జపాన్ చట్టం సంగతి. గాలి మెరుగైందని పరిశ్రమలు గట్టిగా ఒత్తిడి చేశాయి. గంధకం తగ్గిన మాట నిజమే, కానీ డీజిల్ పొగ అలాగే ఉంది. 1988 మార్చిలో ప్రభుత్వం గుర్తించిన 41 ప్రాంతాలనూ జాబితా నుంచి తీసేసింది. అప్పటికే నమోదైనవాళ్ళకు పరిహారం కొనసాగింది. ఆ తర్వాత ఆస్తమా వచ్చినవాళ్ళు మాత్రం పాత పద్ధతిలోకే వచ్చిపడ్డారు. 1996లో టోక్యో రోగులు ప్రభుత్వం మీద, డీజిల్ వాహనాల కంపెనీల మీద కోర్టుకెళ్ళారు. తమ దగ్గు ఏ రోడ్డుదో, ఏ లారీదో చూపించే పని మళ్ళీ మొదటి నుంచి. రాజీ కుదిరి మందుల ఖర్చుకు ఏర్పాటు జరిగేసరికి 2007 ఆగస్టు వచ్చింది.